వైర్‌లెస్ లాన్‌లో ఆక్సెస్ పాయింటు, కంట్రోలర్ల మధ్య పని విభజన

ఒక వైర్‌లెస్ స్థానిక నెట్‌వర్కు చేయవలసిన పనులలో కొన్నింటిని గోడలకు, పైకప్పులకు బిగించిన ఆక్సెస్ పాయింట్లకు, మిగిలినవాటిని వాటన్నిటిపై అజమాయిషీ చేసే కేంద్ర కంట్రోలర్‌కు అప్పగించే పద్ధతిని ఆక్సెస్ పాయింటు, కంట్రోలర్ల మధ్య పని విభజన అంటారు. ఇంటిలో వాడుకొనే వై-ఫై పెట్టె అన్ని పనులను తానే చేస్తుంది కనుక అక్కడ ఈ ప్రశ్న తలెత్తదు. కళాశాల, ఆసుపత్రి, కర్మాగారం, రైల్వే స్టేషను వంటి చోట్ల పదుల సంఖ్యలో, కొన్ని చోట్ల వందల సంఖ్యలో ఆక్సెస్ పాయింట్లు అవసరమవుతాయి. అప్పుడు ఏ పని ఎక్కడ జరగాలి అన్నది నెట్‌వర్కు వేగాన్ని, భద్రతను, ఖర్చును నిర్ణయించే ప్రధాన విషయం అవుతుంది.

ఈ విభజనకు రెండు ప్రమాణాలు ఉన్నాయి. మొదటిది, ఆ పని పూర్తి చేయడానికి ఎంత వ్యవధి ఉన్నది? రెండవది, ఆ పని చేయడానికి ఎంత విస్తృతమైన సమాచారం కావాలి? సెకనులో లక్షవ వంతు లెక్కలో జరగవలసిన పనులు ఆక్సెస్ పాయింటు వద్దనే ఉండాలి. నెట్‌వర్కు మొత్తాన్ని చూచి తీసుకోవలసిన నిర్ణయాలు కంట్రోలర్‌కు తగినవి. ఈ రెండింటికీ మధ్యన ఉండే పనుల విషయంలోనే నిపుణులకు, తయారీదారులకు భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వాటిని తేల్చేది చాలావరకు మూడవ ప్రశ్న: ఆక్సెస్ పాయింటుకు, కంట్రోలర్‌కు మధ్యనున్న తీగ తెగిపోతే ఏమి కావాలి?

## ఒక పోలిక

రైల్వేలలో ఇటువంటి విభజన చాలా కాలంగా ఉన్నది. ఒక సెక్షనులో ఏ బండి ఏ స్టేషనులో ఆగి ఏ బండికి దారి ఇవ్వాలో డివిజను కేంద్రంలో కూర్చున్న సెక్షన్ కంట్రోలర్ నిర్ణయిస్తాడు. ఆ సెక్షనులోని బండ్లన్నీ ఆయన పటంపై కనిపిస్తాయి. అయితే సిగ్నల్ ఇచ్చేది, లైను కలిపించేది స్టేషన్ మాస్టరే. కంట్రోల్ ఫోను పనిచేయకపోయినా స్టేషన్ మాస్టరు పక్క స్టేషనుతో సంప్రదించి బండిని పంపగలడు. క్రాసింగులు మాత్రం కొంత అస్తవ్యస్తం కావచ్చు. వైర్‌లెస్ నెట్‌వర్కులో ఆక్సెస్ పాయింటు స్టేషన్ మాస్టరు వంటిది. కంట్రోలర్ సెక్షన్ కంట్రోలర్ వంటిది. స్టేషన్ మాస్టరుకు ఎంత స్వతంత్రం ఇవ్వాలి అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

## చరిత్ర

వైర్‌లెస్ లాన్‌కు సంబంధించిన 802.11 ప్రమాణాన్ని ఐఈఈఈ సంస్థ 1997లో వెలువరించింది. సెకనుకు 11 మెగాబిట్ల వేగం గల 802.11బి 1999లో వచ్చిన తరువాత వీటి వాడకం పెరిగింది. తొలినాటి ఆక్సెస్ పాయింట్లన్నీ స్వతంత్రమైనవి. ప్రతిదానిలోను ఛానల్, ప్రసార శక్తి, రహస్య తాళపు చెవులు విడివిడిగా అమర్చవలసి వచ్చేది. నాలుగైదు ఉన్నప్పుడు ఇది కష్టం కాదు. రెండు వందలు ఉన్నప్పుడు ఒక్క సంకేతపదం మార్చాలన్నా రెండు వందల చోట్ల మార్చాలి. ఒక్కటి మరచినా అక్కడ దారి తెరచి ఉన్నట్లే.

ఇంటర్‌నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ సంస్థ 2005 ఫిబ్రవరిలో వెలువరించిన ఆర్‌ఎఫ్‌సీ 3990 అనే పత్రం ఈ ఇబ్బందులను నాలుగుగా వివరించింది.

* పెద్ద సంఖ్యలో ఉన్న పరికరాలను ఒక్కొక్కటిగా చూచుకొనవలసి రావడం.
* అన్నిటిలోను ఒకే విధమైన అమరికలు ఉండేటట్లు చూడడం కష్టం కావడం.
* రేడియో పరిస్థితులు నిరంతరం మారుతుండడం వలన పక్కపక్కనున్న ఆక్సెస్ పాయింట్లు ఒకదానితో ఒకటి సమన్వయం చేసుకొనవలసి రావడం.
* ఆక్సెస్ పాయింట్లు నలుగురూ తిరిగే చోట్ల ఉండడం వలన దొంగతనానికి గురయ్యే అవకాశం ఉండడం, అనుమతి లేని ఆక్సెస్ పాయింట్లను ఎవరైనా తెచ్చి తగిలించే వీలు ఉండడం.

ఈ పత్రం రాకమునుపే కొన్ని సంస్థలు పరిష్కారాలను తయారు చేశాయి. 2001లో స్థాపితమైన ఎయిర్‌స్పేస్, 2002లో స్థాపితమైన అరూబా ఈ రంగంలో ముఖ్యమైనవి. ఆక్సెస్ పాయింటులోని తెలివితేటలలో కొంత భాగాన్ని తీసి ఒక కేంద్ర పెట్టెలో ఉంచడం వీటి పద్ధతి. ఎయిర్‌స్పేస్‌ను 2005లో సిస్కో సంస్థ, అరూబాను 2015లో హెచ్‌పీ సంస్థ కొనుగోలు చేశాయి. అయితే ఒక్కొక్క సంస్థ పనులను ఒక్కొక్క విధంగా విభజించినందున ఒకరి ఆక్సెస్ పాయింటు మరొకరి కంట్రోలర్‌తో పనిచేసేది కాదు. అప్పటికి వాడుకలో ఉన్న విభజనలను పరిశీలించి వర్గీకరించిన పత్రం 2005 జూన్‌లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4118.

## ఆక్సెస్ పాయింటు వద్దనే జరగవలసిన పనులు

గాలిలో ప్రయాణించే ప్రతి వై-ఫై ఫ్రేముకు అందుకొన్నవారు వెంటనే రసీదు పంపాలి. రసీదు రాకపోతే పంపినవారు ఫ్రేము నష్టమైనదని భావించి తిరిగి పంపుతారు. ఫ్రేము ముగిసిన తరువాత రసీదు మొదలు కావడానికి గల వ్యవధి 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 10 మైక్రోసెకన్లు, 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 16 మైక్రోసెకన్లు. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు.

ఈ వ్యవధి ఎంత చిన్నదో ఒక లెక్క ద్వారా తెలుసుకొనవచ్చును. గాజు తీగలో కాంతి ఒక కిలోమీటరు దూరం పోవడానికి సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది. కంట్రోలర్ ఒక కిలోమీటరు దూరంలో ఉంటే పోయి రావడానికే 10 మైక్రోసెకన్లు గడచిపోతాయి. 70 కిలోమీటర్ల తీగకు చివర ఉంటే పోయి రావడానికి 700 మైక్రోసెకన్లు పడుతుంది. ఇది 10 మైక్రోసెకన్ల గడువుకు 70 రెట్లు. దారిలోని స్విచ్చులలో కలిగే ఆలస్యం దీనికి అదనం. కంట్రోలర్‌ను ఎంత శక్తివంతంగా తయారు చేసినా ఈ హద్దును దాటలేదు, ఎందుకనగా ఇది యంత్రం వేగానికి కాదు, కాంతి వేగానికి సంబంధించిన హద్దు.

ఇటువంటి పనులలో ముఖ్యమైనవి ఇవి:

* రసీదులు పంపడం, రసీదు రాని ఫ్రేమును తిరిగి పంపడం.
* గాలిలో మరెవరూ ప్రసారం చేయని సమయం చూచి తన వంతు తీసుకొనడం.
* అప్పటికప్పుడు సంకేత బలాన్ని బట్టి ఏ వేగంతో పంపాలో ఎంచుకొనడం.
* బీకన్ ప్రసారం. ఆక్సెస్ పాయింటు తన ఉనికిని తెలుపుతూ సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి చేసే ప్రకటనే బీకన్.
* నిద్రావస్థలో ఉన్న పరికరాల ఫ్రేములను నిలవ ఉంచడం. బ్యాటరీ ఆదా చేయడానికి ఫోన్లు తమ రేడియోను మధ్యమధ్య ఆపివేస్తాయి. వాటి కోసం ఏమైనా వచ్చి ఉన్నదా అన్న విషయం బీకన్‌లోనే తెలుపవలసి ఉంటుంది కనుక ఆ నిలవ కూడా ఆక్సెస్ పాయింటులోనే ఉండడం సహజం.

## కంట్రోలర్‌కు తగిన పనులు

మరికొన్ని పనులకు తొందర లేదు, కాని నెట్‌వర్కు మొత్తం కనిపించాలి. వీటిలో మొదటిది ఛానళ్ళ కేటాయింపు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానిపై ఒకటి పడకుండా సాధారణంగా వాడగలిగినవి 1, 6, 11 అనే మూడు ఛానళ్ళే. ఒక పెద్ద భవనంలో నలభై ఆక్సెస్ పాయింట్లు ఉంటే ఈ మూడింటినే మార్చి మార్చి పంచాలి. ఇది పటంలో పక్కపక్క జిల్లాలకు ఒకే రంగు రాకుండా రంగులు వేయడం వంటిది. ఒక్కొక్క ఆక్సెస్ పాయింటు తన చుట్టూ ఉన్నవాటినే వినగలదు. అన్నిటి నివేదికలు చేరిన చోటనే సరియైన కేటాయింపు చేయడానికి వీలవుతుంది.

ప్రసార శక్తిని హెచ్చించడం, తగ్గించడం కూడా ఇటువంటిదే. ఒక ఆక్సెస్ పాయింటు చెడిపోతే చుట్టుపక్కలవాటి శక్తిని పెంచి ఆ ఖాళీని పూరించమని కంట్రోలర్ ఆజ్ఞాపించగలదు. ఒకే చోట జనం గుమికూడినప్పుడు కొందరిని పక్క ఆక్సెస్ పాయింటుకు మళ్ళించడం, అనుమతి లేని ఆక్సెస్ పాయింట్లను గుర్తించడం, అన్నిటికీ ఒకే సాఫ్ట్‌వేరు సంచికను పంపడం, వినియోగదారుల వివరాలను సరిచూడడం కూడా ఈ కోవకు చెందినవే.

వినియోగదారుడు నడుస్తూ ఒక ఆక్సెస్ పాయింటు పరిధి నుండి మరొకదాని పరిధిలోకి పోయినప్పుడు కేంద్ర పద్ధతి వలన ఒక సౌలభ్యం ఉన్నది. అతనిని మొదటిసారి గుర్తించినప్పుడు ఏర్పడిన మూల తాళపు చెవి కంట్రోలర్ వద్ద ఉంటుంది కనుక, రెండవచోట గుర్తింపు ప్రక్రియ మొత్తాన్ని మొదటినుండి జరుపనవసరం లేదు. వై-ఫై ద్వారా మాట్లాడుతున్న ఫోను మధ్యలో తెగకుండా ఉండడానికి ఇది తోడ్పడుతుంది.

## భిన్నాభిప్రాయాలు గల పనులు

గుప్తీకరణ: గాలిలో పోయే సమాచారాన్ని ఇతరులు చదవకుండా గుప్తీకరించే పని రెండు చోట్లలో ఎక్కడైనా జరుగవచ్చును. ఆక్సెస్ పాయింటులో జరిగితే పని భారం అన్ని పెట్టెలకు సమంగా పంచబడుతుంది. కంట్రోలర్‌లో జరిగితే ఫోను నుండి కంట్రోలర్ వరకు సమాచారం గుప్తంగానే ప్రయాణిస్తుంది. మధ్యలోని తీగకు ఎవరైనా కొక్కెం తగిలించినా ఏమీ తెలియదు, ఆక్సెస్ పాయింటును దొంగిలించినా దానిలో తాళపు చెవులు దొరకవు. సిస్కో పద్ధతిలో ఈ పని ఆక్సెస్ పాయింటు వద్ద, అరూబా సొరంగ పద్ధతిలో కంట్రోలర్ వద్ద జరుగుతూ వచ్చింది.

చేర్చుకొనడం: కొత్తగా వచ్చిన పరికరాన్ని నెట్‌వర్కులో చేర్చుకొనాలా వద్దా అనే నిర్ణయానికి కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యాన్ని భరించవచ్చును. కనుక దీనిని కంట్రోలర్‌కు పంపే వీలున్నది. అయితే కంట్రోలర్ అందుబాటులో లేనప్పుడు కొత్తవారెవరూ చేరలేరు.

డేటా దారి: వినియోగదారుల డేటా అంతా ముందు కంట్రోలర్‌కు పోయి అక్కడినుండి గమ్యానికి పోవాలా, లేక ఆక్సెస్ పాయింటు వద్దనే స్థానిక నెట్‌వర్కులో కలిసిపోవాలా? మొదటి పద్ధతిలో నిఘా, నియమాల అమలు సులభం. కాని వై-ఫై వేగం పెరిగిన కొద్దీ కంట్రోలర్ ఇరుకు సందుగా మారింది. 802.11బి కాలంలో నూరు ఆక్సెస్ పాయింట్లు పూర్తి వేగంతో పనిచేసినా నామమాత్రపు మొత్తం సెకనుకు 1.1 గిగాబిట్లు. 2009లో వచ్చిన 802.11ఎన్‌లో గరిష్ఠ వేగం 600 మెగాబిట్లు. అదే లెక్కన నూటికి 60 గిగాబిట్లు అవుతుంది. వాస్తవ వాడకం ఇంతకంటె చాలా తక్కువే అయినా, పెరుగుదల ఏ మోతాదులో ఉన్నదో దీనివలన తెలుస్తుంది.

## విభజన రకాలు

ఆర్‌ఎఫ్‌సీ 4118 వైర్‌లెస్ లాన్ నిర్మాణాలను స్వతంత్ర, కేంద్రీకృత, వితరణ అని మూడు కుటుంబాలుగా చెప్పింది. స్వతంత్ర నిర్మాణంలో ప్రతి ఆక్సెస్ పాయింటు తన పనులన్నీ తానే చేసుకొంటుంది. వితరణ నిర్మాణంలో ఆక్సెస్ పాయింట్లు ఒకదానితో ఒకటి వలవలె కలిసి పనిచేస్తాయి. కేంద్రీకృత నిర్మాణంలో మరల మూడు రకాలు ఉన్నాయి. రేడియో మాధ్యమాన్ని పంచుకొనే నియమాలను అమలుచేసే పొరకు మాక్ అని పేరు. ఆ పొర ఎక్కడ ఉన్నది అన్నదానిని బట్టి ఈ మూడింటికి పేర్లు వచ్చాయి.

* లోకల్ మాక్: మాక్ పొర దాదాపు మొత్తం ఆక్సెస్ పాయింటులోనే ఉంటుంది. కంట్రోలర్ అమరికలను, విధానాలను నిర్దేశిస్తుంది.
* స్ప్లిట్ మాక్: మాక్ పొరను రెండుగా చీలుస్తారు. తక్షణం జరగవలసినవి ఆక్సెస్ పాయింటులో, మిగిలినవి కంట్రోలర్‌లో ఉంటాయి.
* రిమోట్ మాక్: మాక్ పొర అంతా కంట్రోలర్‌లోనే ఉంటుంది. ఆక్సెస్ పాయింటు కేవలం రేడియో, ఆంటెన్నాలు గల పెట్టె. పైన చెప్పిన కాలవ్యవధి లెక్క వలన దీనిలో కంట్రోలర్ బాగా దగ్గరలో ఉండక తప్పదు.

2009 మార్చిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 5416 ప్రకారం మొదటి రెండు రకాలలో ముఖ్యమైన పనుల పంపకం ఈ క్రింది విధంగా ఉన్నది.

| పని | స్ప్లిట్ మాక్ | లోకల్ మాక్ |
|---|---|---|
| బీకన్ ప్రసారం | ఆక్సెస్ పాయింటు | ఆక్సెస్ పాయింటు |
| వెదకుతున్న పరికరాలకు జవాబు | ఆక్సెస్ పాయింటు | ఆక్సెస్ పాయింటు |
| నిద్రావస్థలోని పరికరాలకు నిలవ | ఆక్సెస్ పాయింటు | ఆక్సెస్ పాయింటు |
| పరికరాన్ని చేర్చుకొనడం | కంట్రోలర్ | రెండింటిలో ఏదైనా |
| వినియోగదారుని గుర్తింపు | కంట్రోలర్ | కంట్రోలర్ |
| తాళపు చెవుల నిర్వహణ | కంట్రోలర్ | కంట్రోలర్ |
| గుప్తీకరణ | రెండింటిలో ఏదైనా | ఆక్సెస్ పాయింటు |
| డేటాను తీగ నెట్‌వర్కులో కలపడం | కంట్రోలర్ | ఆక్సెస్ పాయింటు |

స్ప్లిట్ మాక్‌లో గుప్తీకరణను 'రెండింటిలో ఏదైనా' అని వదలివేయడం వలన, ఆక్సెస్ పాయింటు ఒక విధంగా, కంట్రోలర్ మరొక విధంగా ఊహించుకొని రెండూ కలిసి పనిచేయలేకపోయే అవకాశం ఏర్పడింది. ఈ సందిగ్ధాన్ని తొలగించడానికి 2015 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 7494 వచ్చింది. ఏ విధమైన విభజన తనకు సాధ్యమో ఆక్సెస్ పాయింటు ముందుగానే తెలుపగా, వాటిలో ఒకదానిని కంట్రోలర్ ఎంచుకొనే పద్ధతిని ఇది ఏర్పరచింది.

## క్యాప్‌వాప్ ప్రోటోకాల్

పనులు విభజించిన తరువాత ఇరువురూ మాట్లాడుకొనడానికి ఒక ఉమ్మడి భాష కావాలి. ఐఈటీఎఫ్ ఈ పనికై నాలుగు ప్రతిపాదనలను పరిశీలించి, ఎయిర్‌స్పేస్ సంస్థలో పుట్టిన ఎల్‌వాప్ అనే ప్రోటోకాల్‌ను ప్రాతిపదికగా తీసుకొని క్యాప్‌వాప్‌ను రూపొందించింది. ఇది 2009 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 5415గా వెలువడింది.

క్యాప్‌వాప్ ఆక్సెస్ పాయింటుకు, కంట్రోలర్‌కు మధ్య రెండు సొరంగాలను ఏర్పరుస్తుంది. ఆజ్ఞలు, నివేదికలు పోయే మార్గం యూడీపీ 5246 ద్వారానికి, వినియోగదారుల డేటా పోయే మార్గం యూడీపీ 5247 ద్వారానికి చేరుతుంది. ఆజ్ఞల మార్గాన్ని డీటీఎల్‌ఎస్ అనే పద్ధతితో తప్పనిసరిగా గుప్తీకరించాలి. డేటా మార్గానికి అది ఐచ్ఛికం.

కొత్త ఆక్సెస్ పాయింటుకు కరెంటు ఇవ్వగానే జరిగే క్రమం ఇది:

1. అన్వేషణ: ఆక్సెస్ పాయింటు తనకు అందుబాటులో ఉన్న కంట్రోలర్లను వెదకుతుంది. చిరునామా ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వరు 138వ ఐచ్ఛికం ద్వారా కంట్రోలర్ చిరునామాను కూడా తెలుపవచ్చును.
2. పరస్పర గుర్తింపు: ధ్రువపత్రాల ద్వారా గాని, ముందుగా అనుకొన్న రహస్య పదం ద్వారా గాని ఒకరినొకరు నిర్ధారించుకొంటారు. నకిలీ కంట్రోలర్ ఆక్సెస్ పాయింటును లోబరచుకొనకుండా ఈ దశ కాపాడుతుంది.
3. చేరిక: ఆక్సెస్ పాయింటు తన సామర్థ్యాన్ని తెలిపి కంట్రోలర్ పరిధిలో చేరుతుంది.
4. సాఫ్ట్‌వేరు సరిచూచుకొనడం: సంచికలు వేరైతే కంట్రోలర్ కొత్త సంచికను పంపుతుంది.
5. అమరికలు: ఛానల్, శక్తి, నెట్‌వర్కు పేరు మొదలైనవి అందుతాయి.
6. నడక: ఆక్సెస్ పాయింటు వినియోగదారులకు సేవలు ప్రారంభిస్తుంది. ఇద్దరి మధ్య సంబంధం నిలిచి ఉన్నదో లేదో తెలుసుకొనడానికి ప్రమాణంలోని సూచన ప్రకారం 30 సెకన్లకు ఒకసారి పలకరింపులు సాగుతాయి.

పలకరింపులకు పదే పదే జవాబు రాకపోతే ఆక్సెస్ పాయింటు ఆ సంబంధాన్ని తెగినట్లుగా భావించి, మరల మొదటి దశ నుండి ప్రయత్నాన్ని ఆరంభిస్తుంది. ఒకే ప్రోటోకాల్ ఏర్పడినప్పటికీ తయారీదారులు సొంత చేర్పులను కొనసాగించినందువలన, ఒక సంస్థ ఆక్సెస్ పాయింటును మరొక సంస్థ కంట్రోలర్‌తో వాడడం ఆచరణలో అరుదుగానే మిగిలింది.

## లంకె తెగినప్పుడు

నగరంలోని ఒక భవనంలో కంట్రోలర్, ఆక్సెస్ పాయింట్లు ఒకే చోట ఉంటాయి కనుక వాటి మధ్య తీగ తెగడం అరుదు. కంట్రోలర్ దూరపు పట్టణంలో, ఆక్సెస్ పాయింట్లు పల్లెలో ఉన్నప్పుడు పరిస్థితి వేరు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ 2015లో ఏర్పడిన తరువాత ఫైబర్ తీగలను చాలా వరకు విద్యుత్ స్తంభాల మీదుగానే లాగింది. దీనివలన ఖర్చు, సమయం కలిసివచ్చాయి గాని, గాలివానకు స్తంభం ఒరిగితే ఫైబర్ కూడా తెగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు విద్యుత్ స్తంభాలు, సెల్ టవర్లు కూలి ఉత్తరాంధ్రలో సమాచార సంబంధాలు రోజుల తరబడి స్తంభించాయి.

ఉదాహరణకు చీడికాడ మండల కేంద్రంలోని ఒక పాఠశాలను ఊహించవచ్చును. ఈ మండలం 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ తరువాత అనకాపల్లి జిల్లాలో చేరింది. పాఠశాలలో నాలుగు ఆక్సెస్ పాయింట్లు, పాఠాలు నిలవ ఉంచిన ఒక స్థానిక సర్వరు, ముప్పది ట్యాబ్లెట్లు ఉన్నాయనుకొందాము. కంట్రోలర్ విశాఖపట్నంలో ఉన్నది.

డేటా అంతా కంట్రోలర్ గుండా పోయే స్ప్లిట్ మాక్ పద్ధతిలో, విద్యార్థి ట్యాబ్లెట్ నుండి పక్క గదిలోని సర్వరుకు పోవలసిన అభ్యర్థన ముందు విశాఖపట్నం పోయి, తిరిగి చీడికాడ రావాలి. పాఠం కూడా అదే దారిన వస్తుంది. ఒక్కొక్క ట్యాబ్లెట్ సెకనుకు 2 మెగాబిట్ల వీడియోను చూస్తే ముప్పదింటికి 60 మెగాబిట్లు అవుతుంది. ఈ 60 మెగాబిట్లు పాఠశాల లంకె మీదుగా ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి ప్రయాణిస్తాయి. భారత్‌నెట్ పథకం గ్రామ పంచాయతీకి లక్ష్యంగా పెట్టుకొన్నది 100 మెగాబిట్లు. దానిలో సగానికి పైగా గదిలో ఉన్న పాఠాన్ని గదిలోకి తెచ్చుకొనడానికే ఖర్చవుతుంది. ఇక లంకె తెగితే, సర్వరు, ట్యాబ్లెట్లు, ఆక్సెస్ పాయింట్లు అన్నీ సక్రమంగా ఉండి కూడా పాఠం రాదు.

అదే లోకల్ మాక్ పద్ధతిలో, డేటా స్థానికంగానే కలిసేటట్లు అమర్చితే పాఠం పాఠశాల దాటి బయటకు పోదు. లంకె తెగినా ఆక్సెస్ పాయింటు సాఫ్ట్‌వేరులో ఒంటరిగా పనిచేసే ఏర్పాటు ఉంటే, అప్పటికే చేరి ఉన్న ట్యాబ్లెట్లు పాఠాన్ని కొనసాగించగలవు. సిస్కో సంస్థ మొదట హెచ్-రీప్ అని, తరువాత ఫ్లెక్స్‌కనెక్ట్ అని పిలిచిన ఏర్పాటు ఇటువంటిదే. కొత్త ట్యాబ్లెట్లు చేరగలవా లేదా అన్నది గుర్తింపు పద్ధతిపై ఆధారపడి ఉంటుంది. అందరికీ ఒకే సంకేతపదం ఉండి అది ఆక్సెస్ పాయింటులో నిలవ ఉంటే చేరగలవు. ఒక్కొక్కరిని దూరపు సర్వరు గుర్తించవలసి ఉంటే చేరలేవు.

ఈ సౌలభ్యానికి మూల్యం లేకపోలేదు. సంకేతపదం ఆక్సెస్ పాయింటులో నిలవ ఉన్నదంటే, ఆ పెట్టెను ఎవరైనా ఊడదీసి పట్టుకుపోతే సంకేతపదం కూడా పోయినట్లే. ఆర్‌ఎఫ్‌సీ 3990 చెప్పిన నాలుగవ ఇబ్బంది మరల ఎదురవుతుంది. ప్రతి విభజనలోను ఒకచోట తగ్గించిన ప్రమాదం మరొకచోట తేలుతుంది. కనుక పాఠశాల వంటి చోట పాఠం ఆగకపోవడం ముఖ్యమా, బ్యాంకు వంటి చోట రహస్యం బయటపడకపోవడం ముఖ్యమా అన్నదానిని బట్టి పద్ధతిని ఎన్నుకొంటారు. కొన్ని పెద్ద ప్రాంగణాలలో కంట్రోలర్‌ను ప్రాంగణంలోనే ఉంచి, దానికి తోడుగా రెండవదానిని సిద్ధంగా ఉంచుతారు. ఒకటి రెండు ఆక్సెస్ పాయింట్లు మాత్రమే అవసరమైన చోట స్వతంత్రమైనవే చవక, చాలు కూడాను.

## ప్రజా వై-ఫై సేవలలో

ప్రజల వాడకానికి ఏర్పరచిన వై-ఫై సేవలలో కూడా ఈ విభజన కనిపిస్తుంది. రైల్‌టెల్, గూగుల్ సంస్థలు కలిసి 2016 ఏప్రిల్‌లో ఉచిత వై-ఫై ప్రారంభించిన తొమ్మిది స్టేషన్లలో విశాఖపట్నం, విజయవాడ, కాచిగూడ కూడా ఉన్నాయి. ప్లాట్‌ఫారాలపైనున్న ఆక్సెస్ పాయింట్లు రేడియో పనిని చూచుకొనగా, ఫోను నంబరుకు సంకేత సంఖ్యను పంపి ప్రయాణికుని గుర్తించే పని కేంద్రంలో జరిగేది. ఈ కార్యక్రమం నుండి వైదొలగుతున్నట్లు గూగుల్ 2020లో ప్రకటించిన తరువాత స్టేషన్లలో సేవను రైల్‌టెల్ కొనసాగించింది.

కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరు 9న ఆమోదించిన పీఎం-వాణి పథకం ఇదే విభజనను సంస్థల స్థాయికి తెచ్చింది. ఒకప్పటి ఎస్‌టీడీ బూతు వలె, కిరాణా కొట్టు గాని టీ కొట్టు గాని పబ్లిక్ డేటా ఆఫీసుగా మారి ఆక్సెస్ పాయింటును నడుపవచ్చును. దీనికి లైసెన్సు గాని, రిజిస్ట్రేషను గాని, రుసుము గాని లేవు. వినియోగదారులకు అనుమతి ఇవ్వడం, లెక్కలు చూడడం అగ్రిగేటర్ సంస్థల పని. వినియోగదారులను నమోదు చేసుకొని, దగ్గరలోని వై-ఫైని చూపడం ఆప్ సంస్థల పని. వీరందరి వివరాలుండే కేంద్ర రిజిస్టరును సీ-డాట్ నిర్వహిస్తుంది. కొట్టు యజమానికి నెట్‌వర్కు విద్య తెలియనవసరం లేకుండా కష్టమైన పనులను కేంద్రానికి తరలించడమే ఇందులోని సూత్రం.

## తరువాతి పరిణామాలు

2006లో స్థాపితమై 2012లో సిస్కోలో కలిసిన మెరాకి వంటి సంస్థలు కంట్రోలర్ పెట్టెను తొలగించి, దాని పనులను ఇంటర్‌నెట్‌లోని సర్వర్లకు తరలించాయి. దీనిలో పనులు మూడు అంతస్తులుగా విడిపోయాయి. అమరికలు, పర్యవేక్షణ దూరపు సర్వరులో. పరికరాల చేరిక, తాళపు చెవుల మార్పిడి వంటివి ఆక్సెస్ పాయింట్లలో. డేటా స్థానిక నెట్‌వర్కులోనే. ఇంటర్‌నెట్ లంకె తెగితే అమరికలు మార్చడం ఆగుతుంది గాని, నడుస్తున్న స్థానిక నెట్‌వర్కు ఆగదు. 2000 తరువాత కేంద్రానికి తరలిపోయిన పనులలో కొన్ని ఈ విధంగా తిరిగి ఆక్సెస్ పాయింటుకే వచ్చాయి. ఆక్సెస్ పాయింట్లలోని ప్రాసెసర్లు చవకగా, శక్తివంతంగా మారడం దీనికి ఒక కారణం.

సెల్ ఫోను నెట్‌వర్కులలోను ఇదే చర్చ నడిచింది. రెండవ తరం జీఎస్‌ఎమ్‌లో టవరు వద్ద బేస్ స్టేషను, కొన్ని టవర్లకు కలిపి ఒక బేస్ స్టేషను కంట్రోలర్ ఉండేవి. నాలుగవ తరంలో ఆ కంట్రోలర్‌ను తీసివేసి దాని పనులలో అధిక భాగాన్ని టవరుకే అప్పగించారు. ఐదవ తరంలో బేస్ స్టేషనును మరల రేడియో భాగం, వితరణ భాగం, కేంద్ర భాగం అని మూడుగా విభజించే వీలు కల్పించారు. 2018లో ఏర్పడిన ఓ-రాన్ కూటమి ఈ భాగాలు వేర్వేరు తయారీదారులవి అయినా కలిసి పనిచేసే విధంగా వాటి మధ్య ప్రమాణాలను రూపొందిస్తున్నది. అక్కడ కూడా రేడియో భాగం నుండి తరువాతి భాగం ఎంత దూరంలో ఉండవచ్చునో నిర్ణయించేది తీగలో కాంతికి పట్టే కాలమే.